పెద్ద తూటా, ఉత్తుత్తి తూటా

మా ఇంట్లో వంట చాలకపోవడమనేది ఇంతవరకూ జరగలేదు. పదిమందిని భోజనానికి పిలిస్తే పాతికమందికి వండుతాను. మిగిలిన పప్పూ పులుసూ వారమంతా తింటూ మా ఆయన గొణుగుతూ ఉంటారు. గొణగనీ. వచ్చినవాళ్ళు గరిటెతో గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు వినడం కంటే నాకు తలవంపు ఇంకోటి లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తుపాకికి తూటా ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు కూడా నేను సరిగ్గా ఇదే బుద్ధి చూపించాను.

తుపాకే. మీరు చదివింది నిజమే. అమెరికాలో, రెడ్‌మండ్‌కి దగ్గర్లో ఉంటాం. నేను ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్‌ని. యాభైకి చేరువవుతున్నాను, ఐదడుగుల మనిషిని, ఏటా చలి మొదలవగానే నారింజ రంగు కోటు తొడుక్కుని వేటకి పోతాను. ఈ మాట ఎక్కడైనా చెబితే మనవాళ్ళు ముందు నన్ను ఎగాదిగా చూస్తారు, తర్వాత మా ఆయన్ని జాలిగా చూస్తారు. మొదటిసారి నన్ను తీసుకెళ్ళింది మా థియేటర్‌లో పనిచేసే ఒక నర్సు. సరదాకి వెళ్ళాను, అలవాటైపోయింది. తెల్లవారుతుండగా తడి అడవిలో కదలకుండా కూర్చుంటే ఫోన్ మోగదు, ఎవరూ పిలవరు. నా పొయ్యి మీద ఉడికే మాంసం ఎక్కడ మేసిందో, ఎలా పోయిందో నాకు తెలుస్తుంది. అది నాకు నచ్చింది.

మా ఆయన సంగతి వేరు. ఆయన గుడ్డు కూడా గుమ్మం దాటి రాని ఇంట్లో పుట్టారు. నేను ఆదివారం మాంసం లేకపోతే అన్నం మీద అలిగే ఇంట్లో పుట్టాను. ప్రేమించుకునేటప్పుడు ఇవన్నీ ఎవరికి గుర్తొస్తాయి? పెళ్ళయ్యాక రెండు ఫ్రిజ్‌లు, రెండు జతల గరిటెలు పెట్టుకుని కాపురం చక్కగానే నెట్టుకొస్తున్నాం. నేను వేట మొదలుపెట్టినప్పుడు ఆయన వద్దనలేదు. ఒక్కటే అన్నారు: "అది బాధ పడకూడదు. ఒక్క దెబ్బకి పోవాలి. అలా చెయ్యగలిగితేనే వెళ్ళు." నేను తిరిగొచ్చి కారు గరాజ్‌లో పెట్టేసరికి తలుపు దగ్గర నిలబడి ఉంటారు. దొరికిందా అని అడగరు, చలేసిందా అని అడగరు. "బాధ పడిందా?" అని అడుగుతారు. ఇన్నేళ్ళూ "లేదు" అనే చెప్పాను. నిజమే చెప్పాను. ఆ మాట విన్నాకే పక్కకి తప్పుకుని లోపలికి రానిస్తారు.

ఆ ఏడాది వేసవిలో నాకు లాటరీ తగిలింది. డబ్బు లాటరీ కాదు లెండి. మా రాష్ట్రంలో తూర్పు కొండల మీద పెద్ద మగ ఎల్క్‌ని వేటాడాలంటే ప్రభుత్వం లాటరీ తీసి పర్మిట్ ఇస్తుంది. మనవాళ్ళకి లాటరీ అంటే వీసా ఒక్కటే తెలుసు. మా ఆయనకి ఆ వీసా లాటరీ మొదటి ఏడాదే తగిలింది. నాకు ఈ ఎల్క్ లాటరీ తగలడానికి జుట్టు నెరిసింది. ఒక్క పర్మిట్, ఒక్క ఎల్క్. మళ్ళీ ఎప్పుడు తగులుతుందో, తగిలేనాటికి నా మోకాళ్ళు కొండ ఎక్కనిస్తాయో లేదో ఎవరికి తెలుసు? ఆసుపత్రి పార్కింగ్‌లో ఆ ఈమెయిల్ చదివి కారులోనే కేక పెట్టాను. పక్క కారులోవాళ్ళు అద్దం దించి మరీ చూశారు.

ఎల్క్ అంటే మన అడవుల్లో కణుజు అంటామే, దానికి పెద్దన్నయ్య అనుకోండి. గుర్రమంత ఒళ్ళు, మొద్దు ఎముకలు. నా పాత తుపాకి మా వైపు అడవుల్లో జింకలకి సరిపోతుంది. ఇక్కడ చెట్లు దట్టం, పెరటి చివర నుంచి గుమ్మం దాకా ఉన్నంత దూరంలోనే కనిపిస్తాయి. తూర్పు కొండలు అలా కాదు. ఈ గట్టు మీద మనం, లోయకి అవతల గట్టు మీద అది. అంత దూరం తిన్నగా కొట్టే తుపాకి కావాలి, అది నా పొట్టి చేతులకి అమరాలి. అందుకని కొత్తది చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను.

కనుమ దాటి అవతల, ఆపిల్ తోటల మధ్యన, తుపాకులు చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. తెల్ల మీసాలు, కాళ్ళ దగ్గర ఎప్పుడూ నిద్రపోయే కుక్క. నా చేతుల పొడవు కొలిచి, భుజం కొలిచి, టీ ఇచ్చి, ఒక్కటే ప్రశ్న వేశారు. ఏ తూటాకి? తూటాని బట్టే గొట్టం లోపల గది తొలుస్తారట. ఒకసారి ఒక తూటాకి తొలిచాక ఇంకో తూటా అందులో పట్టదు. నెలాఖరులోగా చెబితేనే వేట రోజులకి తుపాకి చేతికొస్తుంది. లేదంటే లేదు. ఆయన ఏదైనా చెయ్యగలరు, ఏది మంచిదని మాత్రం చెప్పరు. "మోసేది మీరు, కాల్చేది మీరు" అని కుక్క చెవులు నిమురుతూ కూర్చున్నారు.

చివరికి పోటీలో రెండు మిగిలాయి. ఒకటి త్రీ హండ్రెడ్, ఇంకోటి త్రీ థర్టీ ఎయిట్. ఆ అంకెలు గుండు లావుని చెప్పేవి. రెండూ పెద్ద జంతువుల కోసం చేసినవే, రెండూ లోయ దాటి కొట్టేవే. కాకపోతే త్రీ హండ్రెడ్ నా మధ్యవేలంత ఉంటే, ఆ రెండోది ఉగ్గు గిన్నె పక్కన పాలసీసాలా ఉంటుంది. దాని ఇత్తడి గొట్టంలో ఎంత మందు పడుతుందో చూస్తేనే నాకు కడుపు నిండింది.

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికినందుకు జీతం తీసుకుంటారు, ఇంటికొచ్చి అదే పని ఉచితంగా చేస్తారు. డిష్‌వాషర్ కొనడానికి ఒక వేసవంతా రివ్యూలు చూసిన మనిషి. తుపాకి ముట్టరు కానీ తూటాల గురించి వీడియోలన్నీ చూసేశారు. ఒక ఆదివారం పెసరట్టు తింటూ తీర్పు చెప్పారు.

"త్రీ హండ్రెడ్ చాలు. ఎల్క్‌కి అది ఎక్కువే."

"చాలకపోతే?" అన్నాను.

"చాలుతుందని చెబుతున్నాగా."

"మీరు పెళ్ళికి వంద లడ్డూలు చాలన్నారు, గుర్తుందా?"

ఆయన ఇంకో పెసరట్టు వడ్డించుకున్నారు. ఆ లడ్డూలు మొదటి పంక్తి సగంలోనే అయిపోయాయి.

ఆ శనివారమే మా ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. తూటా విషయం ఎలా బయటికొచ్చిందో తెలీదు గానీ, బిర్యానీ మధ్యలో మగవాళ్ళందరూ నిపుణులైపోయారు. వాళ్ళలో తిరనాళ్ళలో బెలూన్లు పేల్చే తుపాకి కంటే పెద్దది పట్టినవాడు ఒక్కడు లేడు. అయితే ఏం?

"వదినా, మినీవ్యాన్ కొన్నప్పుడు ఏం చేశాం? ఉండేది నలుగురమే కదా అని చిన్నది కొన్నామా? టాప్ మోడల్ తీసుకోండి. ఫ్యూచర్‌ప్రూఫ్!" అన్నాడు మా ఆయన ఆఫీసు స్నేహితుడు.

"అక్కా, పెద్దదే తీస్కో. రేపు పొద్దుగాల ఎలుగుబంటి ఎదురొస్తే దానికి సారీ చెప్తవా?" అన్నాడు ఎదురింటి కరీంనగర్ తమ్ముడు.

"రీసేల్ వాల్యూ చూశారా?" అన్నాడు ఇంకొకడు. వీడు పెళ్ళిచూపుల్లో కూడా ఇదే అడిగి ఉంటాడు.

వాళ్ళ ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఏమే, షాపులో మేకని ముక్కలు కొట్టించి చేతిలో పెడతాడు కదే. నీకెందుకే ఈ కొండలెక్కడాలు?" అంది. దానికి గోంగూర మటన్ ఇంకో గరిటె వేసి నోరు మూయించాను.

మొత్తానికి సభ ఏకగ్రీవంగా నా పక్షమే. మా ఆయన ఒక్కరే పెరుగన్నం ప్లేటు పట్టుకుని మూల నిలబడి, "భుజం ఆవిడది కదా, ముందు కాల్చి చూడనివ్వండి" అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. నేను అసలే వినిపించుకోలేదు.

కాల్చి చూశాను. పెద్దాయన షాపు వెనకే ఆయన సొంత మైదానం ఉంది, అరువు తుపాకులు కూడా ఆయనే ఇచ్చారు. చెవులకి చప్పుడాపే మూతలు పెట్టుకుని, బోర్లా పడుకుని, ముందు త్రీ హండ్రెడ్ కాల్చాను. గట్టిగానే తన్నింది, పర్వాలేదు. తర్వాత త్రీ థర్టీ ఎయిట్. దాని సంగతి ఏం చెప్పమంటారు? భూమి లేచి నా భుజం మీద కూర్చుంది. నోట్లో దుమ్ము, కళ్ళలో నీళ్ళు, తలలో గంటలు. దూరంగా మట్టికట్ట ఎగిరిపడింది. నిద్రపోతున్న కుక్క లేచి షాపులోకి వెళ్ళిపోయింది.

"ఎలా ఉంది?" అని అరిచారు మా ఆయన.

"అబ్బే, ఏమీ లేదు! హాయిగా ఉంది!" అని అరిచాను. ఇంకా కాల్చాను. పంతం పట్టాక ఆగే రకం కాదు నేను. చివరిసారి కాల్చినప్పుడు తుపాకి మీద ఉండే దుర్బిణి వెనక్కి వచ్చి నా కనుబొమ్మ మీద కొట్టింది. చంద్రవంకలా చీరుకుపోయి నెత్తురు కారింది.

సోమవారం ఆసుపత్రిలో అందరూ అడిగారు. నేను తుపాకి తన్నిందని చెబుతానా? అలమారా తలుపు తగిలిందన్నాను. ఈ దేశంలో, ఈ ఉద్యోగంలో, ఆడమనిషి మొహం మీద దెబ్బతో వచ్చి తలుపు తగిలిందంటే ఏమనుకుంటారో నాకు ఆ క్షణం తట్టలేదు. మధ్యాహ్నం నన్ను మొదట వేటకి తీసుకెళ్ళిన ఆ నర్సే చెయ్యి పట్టుకుని ఒక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, చాలా మెల్లిగా, "ఇంట్లో నీకు క్షేమంగానే ఉందా?" అని అడిగింది. కొంపలంటుకున్నాయి అనుకున్నాను. బల్లిని తోలడానికి కూడా సారీ చెప్పే మనిషి మా ఆయన! నిజం చెప్పక తప్పలేదు. అది నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే మా ఆయన మాత్రం నవ్వలేదు.

"పేపర్ టార్గెట్ చూశావా?" అన్నారు. "త్రీ హండ్రెడ్‌తో అన్నీ మధ్యలోనే పడ్డాయి. రెండోది మొదట్లో బాగానే ఉంది, తర్వాత తర్వాత కిందకి దిగిపోయాయి."

"గాలి" అన్నాను.

"గాలి పక్కకి తోస్తుంది. కిందకి తొయ్యదు."

"అయితే దుర్బిణి. అరువు తుపాకి కదా, వదులుగా ఉంది."

"అరువు తుపాకే త్రీ హండ్రెడ్ కూడా."

"అయితే ఎండ!" అన్నాను. ఆయన ఊరుకున్నారు. ఆయన ఊరుకుంటే నాకు భయం. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో దొరికేశాకే అలా ఊరుకుంటారు.

తర్వాతి శనివారం మళ్ళీ వెళ్ళాం. నెలాఖరు దగ్గర పడింది. ఆ రోజు తేల్చి చెప్పాలి. నేను కనుబొమ్మ మీద పట్టీతో, మనసులో త్రీ థర్టీ ఎయిట్‌తో వెళ్ళాను. నేను పరుపు పరుచుకుని పడుకునేలోపు మా ఆయన షాపులో పెద్దాయనతో ఏదో మాట్లాడి వచ్చారు.

"ఈసారి తూటాలు నేను పెడతాను. నువ్వు దేన్నీ ముట్టుకోకు, గురి మీద దృష్టి పెట్టు" అన్నారు.

నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్కసారీ తుపాకి దగ్గరికి రాలేదు. ఇప్పుడు నా కోసం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దాయన చూపించినట్టు ఒక్కొక్క తూటా జాగ్రత్తగా లోపల పెట్టి గడి వేస్తున్నారు. త్రీ థర్టీ ఎయిట్‌తో రెండు కాల్చాను. మూడోదానికి ఊపిరి బిగబట్టి, గురి చూసి, మీట నొక్కాను.

టిక్.

అంతే. పేలలేదు. కానీ పేలినట్టే నా భుజం ఎగిరింది, తల వెనక్కి పోయింది, తుపాకి మూతి ముక్కు చీదినట్టు నేలలోకి గుచ్చుకుంది. కళ్ళు తెరిచాకే తెలిసింది, అవి అప్పటిదాకా మూసుకుని ఉన్నాయని.

 మా ఆయన గడి తీసి ఆ తూటాని అరచేతిలో పెట్టి చూపించారు. అది ఉత్తుత్తి తూటా. గుండు ఉంటుంది, ఇత్తడి ఉంటుంది, లోపల మందు ఉండదు. తుపాకి లోపల సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకోవడానికి పెద్దాయన బల్ల మీద పెట్టుకునేవి. మా ఆయన వాటిలోంచి అడిగి తెచ్చుకున్నారు.

"ఇదేం పని?" అన్నాను. నా మొహం మండిపోతోంది.

"టెస్ట్. ఏమీ జరగనప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి కదా" అన్నారు, ఆఫీసులో చెప్పినంత మామూలుగా.

తుపాకి అక్కడే వదిలేసి కారులో కూర్చున్నాను. కనుమ ఎక్కేదాకా మొహం కిటికీ వైపే. సిగ్గు, కోపం, ఏడుపు, మూడూ కలిసి వచ్చాయి. ఊరందరి ముందూ కాదు, కుక్క కూడా ఆ రోజు బయటికి రాలేదు. అయినా నాకు ప్రపంచమంతా చూసినట్టే ఉంది.

"కోపం తగ్గితే ఒక మాట అడుగుతాను" అన్నారు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"తగ్గలేదు."

"సరే, తగ్గకుండానే అడుగుతాను. రోజూ మనుషులకి బరువు చూసి, వయసు చూసి, కొలిచి కొలిచి మత్తిచ్చే దానివి. ఎక్కువిస్తే ఇంకా మంచిదని ఎప్పుడైనా రెండింతలు ఇచ్చావా? మరి ఎల్క్‌కి మాత్రం బిందెతో పోస్తానంటావేం?"

"చాలకపోతే అది బాధ పడుతుంది. మీరు పెట్టిన షరతే కదా!" గట్టిగానే అరిచాను. "ఒక్క పర్మిట్ అది. ఒక్కసారి. అది దెబ్బ తిని నడుచుకుంటూ పోతే నేను మీకు తలుపు దగ్గర ఏం చెప్పాలి? మీరు పెరుగన్నం తింటూ చాలు చాలు అంటారు. చాలకపోతే అక్కడ కొండ మీద ఉండేది నేను!"

అప్పుడు ఏడ్చాను. ఆయన కారు పక్కకి ఆపారు. పెద్ద లారీలు ఊగుతూ పోతున్నాయి.

"గుండు ఎంత పెద్దదైనా కడుపులో తగిలితే అది బాధ పడుతుంది" అన్నారు. "తన్నుతుందని నువ్వు ముందే కళ్ళు మూసుకుని, మూతి దించి కాలుస్తున్నావు. నాకు భయం అదొక్కటే."

 కనుబొమ్మ మీద పట్టీ ఊడి వేలాడుతుంటే పీకి పారేశాను. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే పెద్దాయనకి ఫోన్ చేశాను. "త్రీ హండ్రెడ్‌కి తొలవండి. గొట్టం కాస్త బరువుగా పెట్టండి, తన్ను తగ్గేలా" అన్నాను. ఆయన సరేనన్నారు, అంతే. దానికి పట్టే ఉత్తుత్తి తూటాలు కూడా కొన్ని ఇస్తాను, ఉంచేసుకోమన్నారు.

కళ్ళు మూసుకోవడం ఒక పట్టాన పోదు. ఒకసారి ఒళ్ళు భయం నేర్చుకుంటే బుద్ధి చెప్పినా వినదు. వేసవంతా శనివారాలు అరువు త్రీ హండ్రెడ్‌తో అదే పని. నేను అటు తిరిగి పడుకుంటాను, ఆయన తూటా పెడతారు. అసలుదో, ఉత్తుత్తిదో నాకు తెలీదు. మొదట్లో నేను తల తిప్పి ఆయన మొహం చూసి కనిపెట్టాలని చూసేదాన్ని. ఆ మొహంలో ఏం దొరుకుతుంది, పేకాటలో కూడా దొరకదు. టిక్కుమన్నప్పుడల్లా తుపాకి ముక్కు దించేది. "ఫెయిల్" అనేవారు. "మీ నోట్లో నా చెప్పు" అనేదాన్ని. రాను రాను ఏది వస్తుందో ఆలోచించడం మానేశాను. మీట మీద వేలు, గురిలో గీత, ఊపిరి, అంతే. నిజం చెప్పనా? ఆ శనివారాలు నాకు ఎంతో ఇష్టంగా ఉండేవి. వారమంతా ఆయన ల్యాప్‌టాప్‌తోనూ నేను ఆసుపత్రితోనూ కాపురం చేస్తాం. అక్కడ మాత్రం ఇద్దరం ఒకే పరుపు మీద గడ్డిలో బోర్లా పడుకుని, మధ్యాహ్నం ఒకే డబ్బాలో పులిహోర తినేవాళ్ళం.

దసరాకి తుపాకి చేతికొచ్చింది. ఏటా ఆయుధ పూజకి కారుకీ, ల్యాప్‌టాప్‌కీ, మిక్సీకీ బొట్లు పెట్టే ఇల్లు మాది. మొదటిసారి ఒక నిజం ఆయుధం పీట మీదకెక్కింది. పాట్‌లక్ నిపుణులందరూ వచ్చి చూసి, "త్రీ హండ్రెడేనా?" అని పెదవి విరిచారు. మా ఆయన ఎవరికీ జవాబు చెప్పకుండా తుపాకికి కుంకుమ పెట్టి, జేబులోంచి ఒక ఉత్తుత్తి తూటా తీసి దానికీ పెట్టారు. నాకు నవ్వొచ్చింది, హారతి పళ్ళెం ఒలికింది.

వేటకి ఆయన కూడా వస్తానన్నారు. "నేను రాకపోతే తూటా ఎవరు పెడతారు?" అన్నారు. ఉలెన్ టోపీ, దాని మీద ఇంకో టోపీ, సంచిలో పులిహోర, ఫ్లాస్కులో రసం. ఎల్క్‌లకి ఇంగువ వాసన తెలుస్తుందేమోనని నాకు హడలు. రెండు రోజులు ఏమీ కనిపించలేదు. మూడోనాడు పొద్దున్న, ఎండ అప్పుడే లోయలోకి దిగుతుండగా, ఆయనే ముందు చూశారు. నా కోటు లాగి, వేలు చూపించారు.

అవతలి గట్టు మీద, పసుపు గడ్డిలో, అది మేస్తూ ఉంది. కొమ్ములు ఎండిన చెట్టులా ఉన్నాయి. పక్కకి తిరిగి ఉంది. దూరం కొలిచే పరికరంలో చూసి ఆయన నాలుగు వందల గజాల పైన చెప్పారు. నేను సాధన చేసిన దూరమే. పడుకున్నాను, సంచి మీద తుపాకి ఆనించాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇన్నేళ్ళ ఎదురుచూపు అక్కడ నిలబడి గడ్డి నములుతోంది.  తూటా తీద్దామని జేబులో చెయ్యి పెట్టి, ఆగాను.

"మీరే పెట్టండి" అన్నాను గుసగుసగా. "నేను అటు చూస్తాను. నాకు చెప్పకండి."

అటు తిరిగాను. గడి తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ఇటు తిరిగి గురిలోకి చూశాను. భుజం వెనకాల మెత్తని చోటు, నిశ్చలంగా. ఊపిరి వదిలాను. మీట నొక్కాను.

టిక్.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత ఒళ్ళంతా మంట పుట్టింది. "మీ టెస్టింగ్ తగలెయ్య! ఇక్కడా? ఇప్పుడా? మీకసలు బుద్ధుందా?" ఇదంతా గుసగుసలోనే తిట్టాను. తిట్లు గుసగుసలో తిట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఆయన నా వైపు చూడట్లేదు. తుపాకి మూతి వైపే చూస్తున్నారు.

"కదల్లేదు" అన్నారు.  "వెంట్రుకంత కూడా కదల్లేదు. కదిలుంటే అసలుది ఇచ్చేవాణ్ణి కాదు. ఇంటికి తీసుకుపోయేవాణ్ణి."

గడి తీసి, ఉత్తుత్తిది జేబులో వేసుకుని, నేను చూస్తుండగానే అసలు తూటా పెట్టారు. అది ఇంకా మేస్తూనే ఉంది. దానికి మా కాపురం గొడవ ఏం తెలుసు? చెంప ఆనించాను. ఊపిరి వదిలి, మీట నొక్కాను.

పేలింది. భుజం మీద తన్ను పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, అంతా చూశాను. అది తల ఎత్తింది, ఒక అడుగు వేసింది, ముందు కాళ్ళు మడిచి గడ్డిలోకి కూర్చున్నట్టు ఒరిగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

లోయ దిగి ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసం. దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, ప్రతిసారీ వస్తుంది. ఆయన అటువైపు వంగి, కాస్త జంకి, దాని మెడ మీద చెయ్యి వేశారు. ఇంకా వెచ్చగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఇప్పుడు అడుగుతారు అనుకుని ఎదురుచూశాను. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా.

ఆయన అడగలేదు. పై టోపీ తీసి సంచిలో పెట్టి, పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టని ఆ మనిషి చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుంటూ, "ఎండ ముదిరేలోగా కిందకి దించాలంటావుగా. కాలు ఎక్కడ పట్టుకోవాలో చెప్పు" అన్నారు.